గుండిగ మీద పేరు

యూనివర్సిటీ మహిళా హాస్టల్,
వరంగల్లు,
6 జులై 1981

వెంకట్రాజం మామకు,

నమస్కారాలు. మీరు ములుగులో క్షేమంగానే ఉన్నారని అమ్మ చెప్పింది కనుక ఆ ప్రశ్న వదిలి నేరుగా విషయానికి వస్తున్నాను. మన వాడలో న్యాయం జరిగింది. ఎంత బరువైన న్యాయమంటే, ఇద్దరు పట్టుకుంటే తప్ప నేల మీది నుంచి లేవదు.

మన ఎదురింటి రాజవ్వ మీకు తెలుసు. ఆమె కొడుకు నర్సింగం మగ్గం నేస్తాడు. అతనికి పదేళ్ల కూతురుంది. ఆ పిల్ల పేరు ఈ ఉత్తరంలో రాయను, ఇకముందు కూడా రాయను. వీళ్లకు నూలు ఇచ్చేది పాండురంగం సావుకారి. మగ్గం దిగితే ఆ పూట కూలి పోతుందని, నూలు చిలపల కట్టలు తేవడానికి తండ్రులు పిల్లలను సావుకారి గోదాముకు తోలడం మన వాడ ఆనవాయితీ. మీరు కూడా చిన్నప్పుడు అట్లా వెళ్లినవారే. ఈ వేసవి సెలవుల్లో అట్లా వెళ్లిన ఆ పిల్ల మీద పాండురంగం అత్యాచారం చేశాడు. కూతురు ఎంతకూ రాలేదని వెతుక్కుంటూ వెళ్లిన నర్సింగానికి మొదట లోపలి గడియ పెట్టిన తలుపు కనిపించింది. తరువాత ఆ తలుపు తీసిన సావుకారి, నూలు మూటల వెనుక కూతురు కనిపించారు. ఇంతకు మించి నేను రాయను, మీరు అడగరు.

కుల పెద్దలు కూర్చున్నారు. పెద్దమనిషి ఎల్లస్వామి తీర్పు చెప్పాడు. పాండురంగం తప్పు ఒప్పుకొని దండుగ కట్టాడు. దండుగ సంఘానికి చెందుతుంది కనుక, పెళ్లి వంటలకు కిరాయికి ఇవ్వడానికి సంఘం వారు ఒక పెద్ద ఇత్తడి గుండిగ కొన్నారు. సొమ్ము ఎవరిదైతే వారి పేరు గిన్నెల మీద కొట్టించడం సంఘం మర్యాద కదా! ఆ మర్యాద తప్పకుండా గుండిగ మెడ చుట్టూ గుండ్రని అక్షరాలతో "శ్రీ పాండురంగం గారి దానం" అని చెక్కించారు. ఒక నేరస్థుడు ఇంత తక్కువ కాలంలో దాతగా మారడం చరిత్రలో అరుదు. అభినందనలు ఎవరికి పంపాలో తెలియక మీకు పంపుతున్నాను.

"మరి నా మనుమరాలికేదయ్యా?" అని రాజవ్వ అడిగితే, ఎల్లస్వామి, "పిల్ల పెండ్లికి కిరాయి లేకుండ ఇస్తం తియ్యి అవ్వా" అన్నాడట.

ఆమె అక్కడి నుంచే నడుచుకుంటూ పోయి పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చింది. కేసు నమోదయింది. కళ్లతో చూసిన సాక్షి నర్సింగం ఒక్కడే. మర్నాటి నుంచి అతనికి నూలు బందయింది. సాక్ష్యం మార్చుకుంటే చిలపలు పంపిస్తానని సావుకారి కబురు చేశాడు. మగ్గం ఖాళీగా ఉంది, నర్సింగం చూపు నేల మీద ఉంది. అతడు సొంతంగా నూలు కొనగలిగితే కేసు నిలుస్తుంది, లేకపోతే కోర్టులో ఆ తలుపుకు గడియే లేకుండా పోతుంది.

కనుక, సర్కారు కొలువులో తల నెరిసిన మిమ్మల్ని అడుగుతున్నాను. ఇటువంటి పిల్లకు ప్రభుత్వం ఏదైనా నష్టపరిహారం ఇస్తుందా?

మీ మేనకోడలు
అనసూర్య


ములుగు,
19 జులై 1981

చిరంజీవి అనసూర్యకు,

మామ దీవెనలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ భాషకు మురిసిపోయాను. రెండోసారి అన్నం సహించలేదు.

నువ్వు అడిగిన ప్రశ్నకు సమాధానం ఉంది. పిడుగుపాటుకు చచ్చిన బర్రెకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. కాలిపోయిన గడ్డివాముకు, వానకు కూలిన గోడకు ఇస్తుంది. మొన్న ఏటూరునాగారం అవతల పులి ఒక మేకను ఎత్తుకుపోయింది. నేనే జీపులో వెళ్లి పంచనామా రాశాను. మేక రంగు, వయసు, చూడిదా కాదా అన్నీ రాయాలి. పులి సంతకం ఒక్కటే తక్కువ. ఆ మేకకు పద్దు ఉంది. నీవు చెప్పిన పిల్లకు లేదు. ప్రభుత్వానికి దయ లేదని అనకు. దయ ఉంది, దాన్ని ఏ పద్దు కింద ఖర్చు రాయాలో తెలియక బీరువాలో పెట్టుకుంది.

అయినా దరఖాస్తు పెట్టించు. లేదని తెలిసిన చోట కూడా అడిగినవాళ్లు ఉన్నారని ఫైలులోనైనా ఉండాలి. ఒక్క మాట. నీ యూనివర్సిటీ వాదాల పోటీల్లో ఎదుటివాడు నోరు మూస్తే నువ్వు గెలిచినట్టు. మా ఆఫీసుల్లో నోరు ముందే మూసి ఉంటుంది కనుక అక్కడ నీ విద్య పనికిరాదు. ఫైలుతో వాదించకు బిడ్డా. నా సర్వీసంతా నేను వాదించలేదు, అందుకే ఇంకా సర్వీసులో ఉన్నాను.

ఆశీస్సులతో
మామ


వరంగల్లు,
2 ఆగస్టు 1981

మామకు,

నమస్కారాలు. మీ సలహా పాటించి రాజవ్వను వెంటబెట్టుకొని ఒక ఆఫీసుకు వెళ్లాను. దాని పేరు రాయను, మీ కొలువు మీకు అక్కరకు వస్తుంది. అక్కడి గుమాస్తా రాంచందర్ చాలా మర్యాదస్థుడు. మమ్మల్ని కూర్చోమన్నాడు, కుర్చీలు మాత్రం లేవు. తరువాత నడిచిన సంవాదాన్ని మార్పులేమీ చేయకుండా మీ ముందు పెడుతున్నాను. మార్చితే దాని అందం చెడుతుంది.

"పోయిన వస్తువేంది?" అన్నాడు.

"వస్తువు కాదు, పిల్ల" అన్నాను.

"చచ్చిపోయిందా?"

"లేదు."

"కాలో చెయ్యో పోయిందా?"

"లేదు."

ఆయన ముఖం వికసించింది. "మరింకేంది మేడం? పిల్ల మంచిగనే ఉన్నట్టు గద!"

అంతవరకు గోడకు ఆనుకొని నిలబడిన రాజవ్వ అప్పుడు నోరు విప్పింది. "మంచిగనే ఉన్నదయ్యా. తలుపు సప్పుడైతే సాలు, మగ్గం గుంటల దిగి కూసుంటాంది. నీకు బిడ్డలున్నరా?"

"ఉన్నరు."

"జర గోదాముకు తోలుతవా నాయినా, నూలు తెచ్చెతందుకు?"

రాంచందర్ కాసేపు కాగితాలు సర్దుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. అందుకే గొంతు తగ్గించి ఒక ఉపాయం చెప్పాడు. "అవ్వా, నువ్వు ఫికర్ చెయ్యకు. ఈ వానలకు మీ మగ్గం గుంటల నీళ్లు నిండి నూలు ఖరాబైందని రాయుండ్రి. దానికి పద్దున్నది. అందరు గట్లనే రాస్తాండ్లు."

"వాన ఏం జేసిందయ్యా పాపం? దాని మీదెందుకు పెడ్తవ్?" అని రాజవ్వ కొంగు దులుపుకుంది.

తర్కశాస్త్రంలో ఇంతటి ఖండన నేను ఇంతవరకు ఏ పుస్తకంలోనూ చదవలేదు. పైగా సావుకారి వకీలుకు ఆ కాగితం దొరికితే, నీళ్ల గురించి సర్కారుకు అబద్ధం రాసినవాడు తలుపు గురించి కోర్టుకు నిజం చెబుతాడా అని అడుగుతాడు. మేము దరఖాస్తు ఉన్నది ఉన్నట్టే రాసి ఇచ్చి వచ్చాము. రాంచందర్ దానిని ఏ కట్టలో పెట్టాలో తెలియక కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టాడు.

ఫైలుతో వాదించవద్దన్నారు. సరే, ఫైలుకు యజమానులతో వాదిస్తాను. ఈ ఎనిమిదో తారీఖున మా వాదాల పోటీకి ఒక మంత్రివర్యులు బహుమతులు ఇవ్వడానికి వస్తున్నారు. అంశం "ప్రజా సంక్షేమమే ప్రభుత్వ ధ్యేయం". నన్ను అనుకూల పక్షాన వేశారు. నిర్వాహకులకు హాస్యం తెలియదని ఇకమీదట ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అనసూర్య


వరంగల్లు,
9 ఆగస్టు 1981

మామా,

గెలిచాను! కప్పు అందుకుంటూ మైకు కూడా అందుకున్నాను. పిడుగు, బర్రె, పులి, మేక, మీ పద్దులన్నీ వరుసగా అప్పజెప్పి, "మంత్రిగారూ, మేకకు ఉన్న విలువ పదేళ్ల పిల్లకు ఎందుకు లేదు?" అని అడిగాను. పిల్ల పేరూ వాడ పేరూ ఎత్తలేదు. హాలు దద్దరిల్లింది. మంత్రివర్యులు కళ్లద్దాలు తుడుచుకున్నారు. అక్కడికక్కడే తన విచక్షణ నిధి నుంచి సహాయం ప్రకటించి, పిల్ల తండ్రి మళ్లీ నేయడానికి సరిపోయినంత ఇస్తామని, పంద్రాగస్టు నాడు వేదిక మీద పిల్ల చేతికే చెక్కు అందిస్తామని అన్నారు. వివరాలు తీసుకొని పంపించమని వెంట ఉన్న అధికారికి చెప్పారు, ఇచ్చాను. వాదన పనికిరాదన్న మీ సిద్ధాంతాన్ని సవినయంగా తిరిగి పంపుతున్నాను, రసీదు ఇవ్వగలరు.

అనసూర్య


ములుగు,
11 ఆగస్టు 1981

అనసూర్యా,

ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. పోస్టు మీద నమ్మకం లేక కాదు, వ్యవధి లేక.

పంద్రాగస్టు వేదికలు నేను చాలా చూశాను, కొన్నింటికి జాబితాలు నేనే రాశాను. సహాయం తీసుకునేవారి పేరు, తండ్రి పేరు, వాడ, కారణం, అన్నీ మైకులో చదువుతారు. వరంగల్లంతా వింటుంది. పిల్ల మెడలో దండ వేస్తారు. చెక్కు సగం మంత్రి చేతిలో, సగం పిల్ల చేతిలో ఉండగా ఫోటో తీస్తారు. సరిగా రాకపోతే మళ్లీ తీస్తారు. మర్నాడు ఆ పిల్ల బడికి పోతే, నీకు చప్పట్లు కొట్టినవాళ్లే దాన్ని వేలు పెట్టి చూపిస్తారు. ఆమె పేరు నాకు రాసిన ఉత్తరంలోనే రాయని దానివి, ఆ అధికారికి ఎట్లా ఇచ్చావు?

కోపంతో అడగడం లేదు. గెలిచిన వేడిలో ఇచ్చి ఉంటావు. ఇప్పుడు చేయవలసింది విను. పిల్లను ఆ మైదానం ఛాయలకు రానివ్వకు. మైనరు తరఫున సంరక్షకులు తీసుకోవచ్చు, రాజవ్వను పంపించు. జాబితాలోంచి పేరు తీయించడానికి నీకు ఉన్న విద్యంతా వాడు. చెక్కు కంటే అది ముఖ్యం.

మామ


వరంగల్లు,
16 ఆగస్టు 1981

మామకు,

మీ ఉత్తరం చదివిన తరువాత కప్పును మంచం కిందికి తోశాను. మీరన్నది నిజం, గెలిచిన వేడిలోనే ఇచ్చాను.

జాబితా అప్పటికే మేము దరఖాస్తు ఇచ్చిన ఆఫీసులోనే టైపయింది. "పేరు లేకుండ చెక్కు ఎవరికని ఇస్తం మేడం?" అన్నాడు రాంచందర్. రెండు రోజులు అతని బల్ల ముందు నిలబడ్డాను. చివరికి విసిగిపోయి, మైకులో చదివే ప్రతి మీద మాత్రం పేరును సిరాతో కొట్టేసి, "ఒక నేత కార్మికుని కూతురు" అని రాశాడు. అదే నా జీవితంలో మొదటి నిజమైన విజయం. దానికి కప్పు ఇవ్వలేదు.

నిన్న పిల్లను మా అమ్మ దగ్గర ఉంచి రాజవ్వ, నేను మైదానానికి వెళ్లాము. ముందు వరుసలో పెద్దమనుషుల కుర్చీలు. వాటిలో ఎల్లస్వామి, ఆయన పక్కన, బెయిలు మీద ఉన్నా ఇస్త్రీ మడత చెదరని పాండురంగం. సంఘానికి గుండిగ ఇచ్చిన దాత కదా, నిలబెడితే బాగుండదు.

పిలుపు వచ్చింది. రాజవ్వ మెట్లెక్కింది. మైకు ముందున్నాయన కాగితం చూసి, దిద్దిన చోట తడబడి, ప్రేమగా అడిగాడు. "పాపేది అవ్వా? పాప పేరేంది? సిగ్గుపడకు, చెప్పు."

"పిల్ల పేరు నీకెందుకు నాయినా?" అంది రాజవ్వ. ఆమె గొంతు నాలుగు దిక్కుల గొట్టాల్లోంచి వినిపించింది. "పిల్ల ఏం జేసింది, పేరు చెప్పెతందుకు? చేసినోని పేరు చెప్త, గది రాసుకో. పాండురంగం. నూలు సావుకారి పాండురంగం. అగో, ముంగటనే కూసున్నడు. నీకు రాసుకునుడు రాకపోతే మా కుల సంఘానికి రా, గుండిగ మీద సక్కగ చెక్కిచ్చిండ్లు. చూసి రాసుకో."

మైకు ఆపేశారు. బ్యాండు మేళాన్ని వాయించమన్నారు. వాళ్లు కంగారులో జాతీయ గీతం ఎత్తుకున్నారు. దాంతో అందరూ లేచి నిలబడవలసి వచ్చింది, పాండురంగం కూడా. నిలబడ్డవాడిని చూడడం సులువు. మైదానమంతా చూసింది.

చెక్కు మాత్రం చేతికి రాలేదు. "లబ్ధిదారు స్వయంగా హాజరు కానందున" వెనక్కి తీసుకుపోయారు. నర్సింగం మగ్గం ఇంకా ఖాళీగానే ఉంది.

అనసూర్య


ములుగు,
4 సెప్టెంబరు 1981

చిరంజీవి అనసూర్యకు,

జాతీయ గీతాన్ని అంత సార్థకంగా వాయించిన బ్యాండును నేను ఎరుగను. రాజవ్వకు నా దండాలు చెప్పు.

లబ్ధిదారు స్వయంగా రావాలని ఏ నిబంధనలోనూ లేదు. వెతికి చూశాను. ఆ సంగతి రాసి దరఖాస్తు ప్రతితో పై ఆఫీసుకు నా పేరు మీదనే పంపాను. సమాధానం వస్తుంది. పరుగెత్తుకుంటూ రాదు. ఈలోగా నర్సింగాన్ని ఒంటరిగా వదలవద్దు. ఖాళీ మగ్గం ముందు కూర్చున్న మనిషికి సావుకారి కబురు తియ్యగా వినిపిస్తుంది.

మామ


వరంగల్లు,
14 మార్చి 1982

మామకు,

నమస్కారాలు. ఇన్నాళ్లు రాయనందుకు కారణం, రాయదగిన ముగింపు కోసం ఎదురుచూడడమే. వచ్చింది. ప్రభుత్వం నుంచి మాత్రం రాలేదు.

పంద్రాగస్టు తరువాత శ్రావణంలో మన వీధి సరోజన కూతురి పెళ్లి. సంఘం వారు ఎప్పటిలాగే గుండిగ దింపి పోయారు. సరోజన దాని మెడ మీది అక్షరాలు చూసి, "ఆ పేరు కింద ఉడికిన బువ్వ నా బిడ్డ పెండ్లిల తినిపియ్య. తీస్కపోండ్రి" అని వాకిట్లోంచే తిప్పి పంపింది. అంతే, ఆ తరువాత ఒక్క ఆడమనిషి దానిని తన పొయ్యి ఎక్కనివ్వలేదు. ముందంతా తెలియక కాదు మామా. అందరికీ తెలుసు. కాని అందరి ముందు ఎవరూ అనలేదు. ఒక్కసారి మైకులో అన్న తరువాత, తెలియనట్టు వండుకోవడం ఎవరికీ చేతకాలేదు.

ఎల్లస్వామి పేరు గీకించబోయాడు. కంచరి చూసి, లోతుగా చెక్కారు, గీకితే బొక్క పడుతుందన్నాడు. దానం అంత గట్టిది! సంక్రాంతి పోయినాక, కిరాయికి పోని గుండిగ సంఘానికి దండుగని ఇత్తడి కింద అమ్మేశారు. ఆ పూట రాజవ్వ సంఘం అరుగు మీద వచ్చి కూర్చుంది.

"ఏందవ్వా?" అన్నాడు ఎల్లస్వామి.

"వాడు దండుగ ఎవలికి జేసిన తప్పుకు కట్టిండు?"

"నీ మనుమరాలికి జేసిన తప్పుకే."

"మరి ఇత్తడి పైసలు ఎవలియి?"

"సంఘం కట్టుబాటు అవ్వా అది..."

"కట్టుబాటుకు దండం. పైసలిచ్చేదాక నేనీడనే ఉంట. నా చద్ది గూడ ఈడికే తెమ్మన్న."

రాజవ్వ చద్దిమూట వెంట మన వాడ ఆడవాళ్లు ఒక్కొక్కరే తమ చద్దిమూటలతో వచ్చి కూర్చున్నారు. అరుగు నిండింది. ఎల్లస్వామి పైకం తెచ్చి రాజవ్వ ఒడిలో పోశాడు.

ఆ పైకంతో నర్సింగం కాజీపేటలో రైలెక్కి పోయి, పాండురంగాన్ని ఎరుగని ఊళ్లో నూలు తెచ్చుకున్నాడు. మగ్గం మళ్లీ ఆడింది. మొన్న కోర్టులో తలుపు, గడియ, మూటలు, చూసింది చూసినట్టు చెప్పాడు. సావుకారి వకీలు, "నూలు ఇయ్యనందుకు పగబట్టి చెప్తున్నవు గదా?" అంటే, "నా నూలు నేనే తెచ్చుకుంటున్న సారూ" అన్నాడు. నేను ఆరేళ్లుగా వాదాల పోటీల్లో గెలుస్తున్నాను. అంత పొట్టి వాక్యం నాకు ఎన్నడూ తట్టలేదు.

ఇప్పుడు మన వీధిలో నూలు తేవడానికి పిల్లలు పోవడం లేదు. మగ్గం దిగి తండ్రులే పోతున్నారు. ఆ పిల్ల బడికి పోతోంది. నిన్న మా ఇంటికి వచ్చి మంచం కింద కప్పు చూసింది. వట్టిగా హాస్టల్లో ఎందుకని ఇంటికి తెచ్చాను లెండి. "అక్కా, నీకు గెలిస్తె ఇచ్చిండ్రట గద. దీంట్ల ఏం వండుతరు?" అని అడిగింది.

ఏమీ వండరని ఒప్పుకున్నాను.

అనసూర్య


ములుగు,
28 జూన్ 1982

చిరంజీవి అనసూర్యకు,

పాండురంగానికి శిక్ష పడిందని పేపరులో చదివాను. పిల్ల పేరు వేయలేదు. విలేకరికి ఎవరో గట్టిగా చెప్పినట్టున్నారు. నువ్వే అయి ఉంటావు.

నీకు ఇంకొక శుభవార్త. మన దరఖాస్తుకు సమాధానం వచ్చింది. యథాతథంగా రాస్తున్నాను.

"సదరు బాలిక కుటుంబము కుల సంఘము ద్వారా ఇత్తడి పాత్ర రూపేణా నష్టపరిహారము ఇదివరకే పొందియున్నట్లు విచారణలో తేలినందున, ప్రకటించిన సహాయము రద్దు పరచి దరఖాస్తు ముగించడమైనది."

ఏడాది పాటు ఆ పిల్ల ప్రభుత్వం కంటికి ఆనలేదు. గుండిగ మాత్రం ఆనింది.

ఫైలుతో వాదించవద్దని నీకు చెప్పినవాడిని. రాత్రి కూర్చొని జవాబు రాశాను. సర్వీసులో ఇది మొదటిసారి కనుక భాష బాగుందో లేదో నాకు తెలియదు. ప్రతి జత చేస్తున్నాను. ఎదుటి పక్షంలా కాకుండా నా పక్కన కూర్చున్న రెండో వక్తలా చదివి, దిద్ది పంపించు. అందులో ముఖ్యమైన భాగం ఇది.

"ఏటూరునాగారం ప్రాంతమున పులి ఎత్తుకుపోయిన మేక విషయమై విన్నవించునది. మేక యజమానికి ఊరివారు చందాలు వేసి వేరొక మేకను కొనిచ్చియున్నారు. పంచనామా రాసిన నాకు ఆ సంగతి తెలియును. అయినను ప్రభుత్వము వారు అతనికి పరిహారము నిలిపియుండలేదు. కావున ఈ బాలికను కనీసము ఆ మేకతో సమానముగా చూడవలసినదిగా ప్రార్థన."

మామ